సాస్కటూన్‌లో తమ్ముడి కారుకు ఇంజిన్ హీటర్: ఇక్కడి నుంచి కొని పంపమంటారా?

కర్నూలు అక్క:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. నంద్యాల చెక్‌పోస్టు దగ్గర మా ఆయన బోరు మోటార్లు రీవైండింగ్ చేస్తారు. సామాను కొనడం, లెక్కలు రాయడం నా పని. కాబట్టి వైరు, వోల్టు అంటే నాకు భయం లేదు. కారు ఇంజిన్ గురించే తెలిసింది తక్కువ.

మా తమ్ముడు కెనడాలోని సాస్కటూన్‌లో చదువుకుంటున్నాడు. రాత్రిపూట ఒక గోడౌన్‌లో పార్ట్‌టైం పని. డ్యూటీ దిగే వేళకు బస్సులు ఉండవని పాత పెట్రోల్ కారు ఒకటి కొన్నాడు. అక్కడ జనవరిలో మైనస్ 30 దాటే రాత్రులు వస్తాయట. కారు అమ్మినాయన దాన్ని వాంకూవర్ వైపు నుంచి తెచ్చాడు. ఆ సముద్రపు ఒడ్డున అంత చలి ఉండదు కాబట్టి ఇంజిన్‌కు హీటర్ పెట్టించలేదట. సాస్కటూన్‌లో చాలా కార్లకు ముందు గ్రిల్ సందులోంచి కరెంటు ప్లగ్గు బయటికి కనిపిస్తుందని, తన కారుకు మాత్రం లేదని మావాడు చెప్పాడు. అక్కడి షాపులో అడిగితే సామానుకంటే కూలీయే ఎక్కువ చెప్పారు. రూపాయల్లోకి మార్చి చూస్తే గుండె గుభేలుమంది. స్నేహితుడి ఇంట్లో గ్యారేజీ ఉంది, నేనే బిగించుకుంటానంటున్నాడు.

ఇక్కడ మా షాపుకు వచ్చే ఒకాయన ఆసుపత్రుల జనరేటర్లు చూస్తుంటాడు. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ అందుకోవాలని, దాని కూలెంట్‌ను ఎప్పుడూ వెచ్చగా ఉంచే హీటర్ ఒకటి పెడతారట. 230 వోల్టులు, 1000 వాట్లు. తక్కువ ధరకే ఇప్పిస్తానన్నాడు. అది పార్శిల్ చేసి పంపితే పనికొస్తుందా? వాడంతట వాడు బిగించుకోగలడా? ఇంకో సందేహం. కారులో గడ్డకట్టని కూలెంట్ ఉండగా మళ్లీ హీటర్ ఎందుకు? డ్యూటీ దిగి అర్ధరాత్రి ఆ చలిలో కారు స్టార్ట్ కాక ఇరుక్కుపోతాడేమోనని నాకూ మా అమ్మకూ ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

కడప కుర్రోడు:

అక్కా, వోల్టేజీ తేడా ఒక్కటే సమస్య అయితే కెనడాలో వచ్చే 120 వోల్టులను 230 చేసే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది కదా? మా మామ అమెరికా నుంచి మిక్సీ తెచ్చినప్పుడు ఇక్కడ అట్లాగే వాడాం. హీటర్ సంగతి నాకు తెలియదు, పెద్దవాళ్లు చెప్తారు.

గుత్తి రోడ్డు షెడ్డు, అనంతపురం:

అమ్మా, నేను ఆర్మీలో ఈఎంఈ వెహికల్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అనంతపురంలో గుత్తి రోడ్డున షెడ్డు నడుపుతున్నాను. లేహ్‌లో, ద్రాస్‌లో చలికాలాలు గడిపినవాణ్ణి, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముందు మీ చివరి సందేహం. కూలెంట్ గడ్డకట్టకపోవడం వేరు, ఇంజిన్ స్టార్ట్ కావడం వేరు. కూలెంట్ గడ్డకడితే బ్లాకు, అంటే సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మ, పగులుతుంది. అది జరగకుండా గ్లైకాల్ కలుపుతారు, అక్కడితో దాని పని అయిపోయింది. కానీ మైనస్ 30లో ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. ద్రాస్‌లో పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి పట్టుకుంటే చివరన ఆయిల్ అలాగే నిలబడిపోయేది, చుక్క రాలేది కాదు. ఆ ఆయిల్‌లో క్రాంకు తిరగాలంటే సెల్ఫ్ మోటారుకు మామూలుకంటే చాలా ఎక్కువ బలం కావాలి. సరిగ్గా అప్పుడే బ్యాటరీ బలం పడిపోతుంది. మైనస్ 18 దగ్గరకు వచ్చేసరికే దాని సత్తా ఇంచుమించు సగానికి వస్తుంది. పైగా ఆ చలిలో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, అంటుకోదు. డీజిల్ అయితే అందులోని మైనం పేరుకుని ఫిల్టరే మూసుకుపోతుంది. మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ లద్దాఖ్‌లో 2019 నవంబరులో మొదలుపెట్టింది. అంతకుముందు డ్రైవర్లు కిరోసిన్ గుడ్డ కట్టెకు చుట్టి, ట్యాంకు కింద, ఆయిల్ చాంబర్ కింద మంట పెట్టేవాళ్లు. ఆ మంటకు వైర్లు కాలిన బండ్లు నా చేతికే వచ్చాయి. అదే పని భద్రంగా చేసేది ఈ హీటర్. కాబట్టి మీ తమ్ముడు అడుగుతున్నది సోకు కాదు, అక్కడ అది అవసరం.

ఇక పార్శిల్ సంగతి. పంపకండి. మీ ఆయనకు ఈ లెక్క చిటికెలో అర్థమవుతుంది. 230 వోల్టులకు 1000 వాట్లంటే కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 53 ఓములు. దాన్ని కెనడాలో 120 వోల్టుల ప్లగ్గుకు పెడితే 272 వాట్లే వస్తాయి. నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కడప బాబు చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్ మిక్సీకి సరే. మంచులో, ఆరుబయట, కారు పక్కన నేల మీద కిలోవాటు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు నాయనా. తడి చేరితే మనిషికే ప్రమాదం. అదీ కాక జనరేటర్ హీటర్ మరకు (స్క్రూ చుట్లకు) కారు బ్లాకు మరకు పొంతన ఉండదు. కెనడాలో కరెంటు సామాను మీద సీఎస్ఏ లాంటి అక్కడి ఆమోదం ముద్ర ఉండాలి. అది లేని వస్తువు వల్ల నిప్పు అంటుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లతో పేచీ వస్తుంది.

అక్కడే, ఆ ఇంజిన్‌కే చేసిన హీటర్ కొనమనండి. అవి నాలుగైదు రకాలు. బ్లాకు పక్కన రంధ్రాన్ని మూసి ఉంచే డమ్మీ ప్లగ్ (గుండ్రటి రేకు బిళ్ల) ఊడదీసి, ఆ రంధ్రంలోంచి కాయిల్ నేరుగా కూలెంట్‌లోకి పెట్టేది ఒకటి. కార్లకు సాధారణంగా 400 వాట్ల నుంచి 700 దాకా ఉంటుంది, అన్నిట్లో బాగా పనిచేసేది ఇదే. రెండోది కాట్రిడ్జ్ రకం. కొన్ని ఇంజిన్ల బ్లాకులో దానికోసం కంపెనీయే పొడి రంధ్రం ఇస్తుంది. వేడిని పట్టించే పేస్టు పూసి లోపలికి తోయడమే, కూలెంట్ చుక్క కూడా దింపనక్కర్లేదు. మీవాడి ఇంజిన్ ఆ రకమైతే సగం కష్టం తప్పినట్టే. మూడోది రేడియేటర్ కింది హోస్ కోసి మధ్యలో బిగించేది. నాలుగోది బయట చిన్న ట్యాంకులా ఉండేది, 1000 వాట్లు, 1500 వాట్లు, ఎక్కువగా లారీలకూ ట్రాక్టర్లకూ వాడతారు. ఆయిల్ చాంబర్‌కు కింద అతికించే ప్యాడ్ కూడా ఉంది గానీ అది ఆయిల్‌నే వెచ్చబెడుతుంది.

ఏది పడుతుందో ఊహించి కొనొద్దు. చాసిస్ నంబర్ రాసుకుని ఆ కంపెనీ డీలర్ పార్టుల కౌంటర్‌లో అడగమనండి, వాళ్లే చెప్తారు. ఇంకో మాట. కొన్ని బండ్లకు కాయిల్ కంపెనీలోనే బిగించి ఉంటుంది, బయటి వైరు మాత్రం ఇవ్వరు. వాంకూవర్ బండి అంటున్నారు కాబట్టి, కొనే ముందు బ్లాకు మీద అలాంటి రెండు పిన్నులు ఏవైనా ఉన్నాయేమో టార్చి వేసి చూడమనండి.

విన్నిపెగ్‌లో ప్రొద్దుటూరోడు:

అక్కా, పెద్దాయన చెప్పినవన్నీ కరెక్ట్. నేను విన్నిపెగ్‌లో ఉంటున్నాను, సాస్కటూన్ చలి లాంటిదే ఇక్కడా. వాడకం గురించి నేను చెప్తాను.

రాత్రంతా ప్లగ్గు పెట్టి ఉంచనక్కర్లేదు. బయలుదేరే రెండు గంటల ముందు మొదలైతే చాలు, ఆ తర్వాత ఇంజిన్ పెద్దగా ఇంకా వేడెక్కదు, కరెంటు దండగ. బయట వాడే టైమర్ దొరుకుతుంది, దానికి పెట్టుకుంటే సరి. 500 వాట్ల హీటర్ రెండు గంటలకు ఒక యూనిట్ తాగుతుంది. మైనస్ 15 దాటిందంటే నేను తప్పకుండా పెడతాను.

వైరు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మూడు పిన్నులది, ఆరుబయటకు, చలికి చేసినది కొనాలి. ఇంట్లో వాడే మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు మైనస్ 30లో కట్టెలా బిగుసుకుని, వంచితే పైతోలు పగులుతుంది. లోపలి రాగి బయటపడితే ఇక చెప్పక్కర్లేదు. కారు తీసే ముందు ప్లగ్గు పీకడం మర్చిపోయి వైరు ఈడ్చుకుంటూ వెళ్లేవాళ్లను ప్రతి చలికాలం చూస్తాం. అందుకే వైరును డ్రైవర్ తలుపు దగ్గర అద్దానికి ఒక చుట్టు చుట్టి, అక్కడి నుంచి ముందుకు లాగమనండి. తలుపు తీయాలంటే వైరు చేతికి తగులుతుంది.

మీవాడు పనిచేసే గోడౌన్ పార్కింగ్‌లో కారు ముందు ప్లగ్గు బోర్డులు ఉన్నాయో లేదో ఇప్పుడే అడగమనండి. ఇక్కడ చాలా చోట్ల ఉంటాయి. కొన్ని చోట్ల కరెంటు ఆదా కోసం కాసేపు ఇచ్చి కాసేపు ఆపుతారు, చూసి హీటర్ పాడైందని కంగారుపడకూడదు. డ్యూటీ చేసే చోట ప్లగ్గు లేకపోతే ఇంట్లో హీటర్ ఉన్నా అర్ధరాత్రి కష్టం అట్లాగే ఉంటుంది. అలాంటప్పుడు మంచి బ్యాటరీ, చలిలోనూ చిక్కబడకుండా పారే 0డబ్ల్యూ రకం ఆయిల్ మీదే ఆధారం. మన దగ్గర వేసే 20డబ్ల్యూ-40 ఆయిల్ ఇక్కడ ఊసే ఎత్తకూడదు. ఇంకొకటి, గ్యారేజీ తలుపు మూసి ఇంజిన్ ఆన్ చేసి వేడెక్కించడం ఎప్పుడూ చేయకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

కర్నూలు అక్క:

అందరికీ చేతులెత్తి నమస్కారం. పార్శిల్ ఆలోచన మానేశాం. మా ఆయన కాగితం మీద లెక్క వేసి 272 వాట్లు నిజమేనన్నారు.

తమ్ముడు డీలర్ దగ్గర అడిగాడు. వాడి ఇంజిన్‌కు డమ్మీ ప్లగ్ రంధ్రంలో పెట్టే 400 వాట్ల హీటర్ పడుతుందట. కానీ ఆ ప్లగ్ ఇంజిన్ వెనక వైపు, క్యాబిన్ గోడకు దగ్గరగా ఉంది, చెయ్యి పట్టడం కష్టం. ఎవరో స్నేహితుడు, కింది హోస్ కోసి బిగించేది సులువు, అది పెట్టుకో అన్నాడట. ఏది మంచిదన్నా? బిగించేటప్పుడు వాడు ఏం చూసుకోవాలి? కూలెంట్ కూడా వాడే పోసుకోవాలి కదా, అందులో నీళ్లు కలపాలా, అచ్చంగా పోయాలా? ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదని ఇక్కడ మా వాళ్లు ఒకరు అన్నారు. గోడౌన్ దగ్గర ప్లగ్గు బోర్డులు ఉన్నాయట, ఆ ఒక్కటి మనసుకు ఊరట.

గుత్తి రోడ్డు షెడ్డు, అనంతపురం:

అమ్మా, చెయ్యి పట్టడం కష్టమైనా బ్లాకులో పెట్టేదే పెట్టుకోమనండి. కింది హోస్‌లో పెట్టే రకంలో కాయిల్ వేడి బ్లాకు దాకా నెమ్మదిగా పాకాలి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) మూసి ఉంటుంది, పంపు తిరగదు, వేడి నీరు పైకి పోయే గుణం మీదే అంతా నడవాలి. ఈలోగా రేడియేటర్ వైపు కొంత వేడి పోతుంది. మైనస్ 10, 15 ఉండే ఊళ్లో సరే. సాస్కటూన్‌కు కాయిల్ బ్లాకులోనే ఉండాలి.

ఇక బిగింపు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కింద తొట్టి పెట్టి కూలెంట్ దింపాలి. రేడియేటర్ ఖాళీ అయినా బ్లాకులో కొంత నిలిచి ఉంటుంది, డమ్మీ ఊడగానే మొహం మీదికి వస్తుంది, కళ్లద్దాలు పెట్టుకోవాలి. డమ్మీ ఒక అంచు మీద చిన్న దెబ్బ వేస్తే అది అడ్డంగా తిరుగుతుంది, అప్పుడు ప్లైయర్‌తో బయటికి లాగాలి. గట్టిగా కొట్టి బ్లాకు లోపలికి తోసేస్తే తీయడం మహా కష్టం. ఆ తర్వాత రంధ్రం అంచును సన్నటి ఎమరీ కాగితంతో తుడవాలి. తుప్పు, పాత సీలెంట్ ముక్కలు ఏమీ ఉండకూడదు. నా షెడ్డులో పిల్లలకు కూడా నేను పదే పదే చెప్పేది ఇదే. హీటర్‌కు ఉండే ఓ-రింగు (కారకుండా ఆపే రబ్బరు చుట్టు) కొత్తదైనా అది కూర్చునే చోటు గరుకుగా ఉంటే కారుతుంది. అంచును వేలితో చుట్టూ తడిమి చూడాలి, ఎక్కడా గోరు తగులుకోకూడదు.

కాయిల్ లోపలికి పెట్టేటప్పుడు హీటర్‌తో వచ్చే కాగితంలో అది ఏ వైపు తిరగాలో రాసి ఉంటుంది, అలాగే పెట్టాలి. అటూ ఇటూ మెల్లగా కదిపి చూస్తే కాయిల్ సిలిండర్ గోడకు తగులుతున్నదీ లేనిదీ చేతికే తెలుస్తుంది. తగలకూడదు. ఆ తర్వాత కాగితంలో చెప్పినంత బిగువే బిగించాలి, ఎక్కువ బిగిస్తే స్క్రూ తెగుతుంది. బయటికి వచ్చే వైరును సైలెన్సర్ గొట్టానికీ, ఫ్యాన్‌కూ, బెల్టుకూ దూరంగా టైలతో కట్టాలి. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి కొంచెం వదులు ఉంచాలి.

మీటరు ఒకటి ఉంటే బిగించే ముందే పరీక్షించుకోవచ్చు. 120 వోల్టులు, 400 వాట్లంటే రెండు పిన్నుల మధ్య 36 ఓముల దగ్గర చూపించాలి. పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య అసలు చూపించకూడదు. కానీ చేతిలో పట్టుకుని పనిచేస్తుందా అని కరెంటు ప్లగ్గులో పెట్టడం మాత్రం వద్దే వద్దు. నీళ్లు లేని బోరులో ఆడి మాడిపోయిన మోటార్లు మీ షాపుకు రోజూ వస్తూనే ఉంటాయి. ఇదీ అంతే, గాలిలో కొన్ని క్షణాల్లోనే కాయిల్ మాడిపోతుంది.

అందుకే ఈ పని అంతటిలో నేను ప్రాణం పెట్టి చెప్పేది హీటర్ గురించి కాదు, కూలెంట్ గురించి. అచ్చంగా పోయడం తప్పు. ఒట్టి ఇథిలీన్ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. సగం నీరు, సగం గ్లైకాల్ కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. నీళ్లు దాన్ని పలచబరుస్తాయనుకుంటాం గానీ, రెండూ కలిస్తేనే గడ్డకట్టకుండా ఉంటాయి. సాస్కటూన్‌కు 60 పాళ్లు గ్లైకాల్, 40 పాళ్లు నీరు దాకా పోవచ్చు, అంతకు మించి వద్దు. రంగు చూసి కాదు, ఆ కారు పుస్తకంలో రాసిన రకమే కొనాలి. రెండు రకాలు కలిపితే వాటిలోని తుప్పు ఆపే మందులు సరిగ్గా పనిచేయకపోవచ్చు. నీరు మాత్రం డిస్టిల్డ్ వాటరే. మన అనంతపురం, కర్నూలు బోరు నీళ్లు పోసిన రేడియేటర్లు నేను రోజూ విప్పుతుంటాను. ట్యూబులు సున్నంతో పూడిపోయి ఉంటాయి. ఇళ్లలో గీజర్ కాయిల్ మీద తెల్లగా గట్టిగా పట్టే పొర కూడా ఆ నీళ్లదే. హీటర్ కాయిల్ మీద ఆ పొర పట్టిందంటే వేడి నీటిలోకి పోదు, కాయిల్ లోపలే మగ్గి తెగిపోతుంది. అక్కడి కుళాయి నీళ్లు మంచివే కావచ్చు, అయినా డిస్టిల్డ్ డబ్బా ధర ఎంతని.

పోయడం కూడా ఓపిగ్గా చేయాలి. కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉండాలి. క్యాబిన్ హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, చల్లని ఇంజిన్‌కు మూత తీసి మెల్లగా పోసి, అప్పుడు స్టార్ట్ చేయాలి. బుడగలు వస్తూ ఉంటాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండాలి. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కేదాకా, క్యాబిన్‌లోకి వేడి గాలి వచ్చేదాకా ఆపకూడదు. ఆ పని చేసేటప్పుడు గ్యారేజీ తలుపు బార్లా తీసి ఉంచాలి, విన్నిపెగ్ తమ్ముడు చెప్పింది గుర్తుంది కదా. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూసిన మూత తీయకూడదు. మరునాడు చల్లారాక మట్టం మళ్లీ చూసి, తగ్గితే నింపాలి. కాయిల్ చుట్టూ గాలి మిగలలేదని నమ్మకం కుదిరాకే మొదటిసారి ప్లగ్గు పెట్టాలి. పెట్టగానే చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా చుయ్యిమనే చప్పుడు వస్తుంది, అది మంచిదే. రెండు గంటల తర్వాత బానెట్ తీసి కాయిల్ ఉన్న వైపు చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి. కింద కార్డుబోర్డు ముక్క ఒకటి పరిచి ఉంచితే ఎక్కడైనా కారుతుంటే రంగు మరక కనిపిస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా వెనక వైపు చెయ్యి పట్టక అబ్బాయి ఇబ్బంది పడితే, ఆ డమ్మీ తీసి హీటర్ పెట్టే పని ఒక్కటీ అక్కడి మెకానిక్‌కు ఇచ్చి, కూలెంట్ నింపడం, వైరు కట్టడం తాను చేసుకోమనండి. కూలీ కొంతైనా తగ్గుతుంది.

దింపిన పాత కూలెంట్ గురించి ఒక్క మాట. అది విషం, కానీ రుచికి తియ్యగా ఉంటుంది. కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి, పసిపిల్లలకూ అంతే ప్రమాదం. తొట్టిలో వదిలేయకుండా, మురికి కాలువలో పారబోయకుండా, వెంటనే డబ్బాలో పోసి మూత బిగించి, మీద పేరు రాసి, ఊళ్లో పాత ఆయిల్, కూలెంట్ తీసుకునే చోట ఇచ్చేయమనండి. నేల మీద పడ్డ చుక్కలను నీళ్లతో బాగా కడిగేయమనండి.